కంప్యూటర్‌కి వేడి చేసిందా?

మనిషికి వేడి చేస్తే గూడూరులో మందుకు కొదవలేదు. నిమ్మకాయలకు పేరుపడ్డ ఊరు కదా... గ్లాసుడు నిమ్మరసం తాగితే సరి! మరి కంప్యూటర్‌కి వేడి చేస్తే?

మే నెల మిట్టమధ్యాహ్నం. బయట ఎండ 40 డిగ్రీలు దాటింది. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కి ఆప్షన్లు పెట్టుకుందామని అబ్బాయి ల్యాప్‌టాప్ తెరిచాడు. ఫ్యాన్ రొద మొదలైంది. మౌస్ కదలనంటోంది. కాసేపటికి తెర నల్లబడింది. గడువు చూస్తే ఈ సాయంత్రమే! ఇక కొత్తది కొనాల్సిందేనా? తొందరపడకండి. పైసా ఖర్చులేని మార్గాలున్నాయి.

ఎందుకీ వేడి?

ప్రాసెసర్‌లో కోట్లాది ట్రాన్సిస్టర్లు క్షణం తీరిక లేకుండా ఆన్, ఆఫ్ అవుతుంటాయి. అవి వాడుకున్న కరెంటంతా చివరికి వేడిగా మారుతుంది. దాన్ని బయటికి పంపే పని హీట్‌సింక్‌ది, ఫ్యాన్‌ది. అన్నట్టు, ఈ విషయంలో గూడూరుకి పాత చుట్టరికమే ఉంది. ఈ చుట్టుపక్కల గనుల్లో దొరికే అభ్రకం కరెంటును ఆపేస్తుంది, పల్చటి రేకుగా ఉంటే వేడిని దాటనిస్తుంది. అందుకే పాత ఆంప్లిఫయర్లలో ట్రాన్సిస్టర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య అభ్రకం రేకు పెట్టేవారు.

ఇప్పటి ప్రాసెసర్లు చాలావరకు 100 డిగ్రీల దరిదాపులకు చేరగానే తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. అయినా వేడి తగ్గకపోతే కంప్యూటర్ ఆగిపోతుంది. కాలిపోకుండా తనను తాను కాపాడుకోవడమన్నమాట.

సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది?

సాఫ్ట్‌వేర్ గాలి విసరదు. వేడి పుట్టడాన్నే తగ్గిస్తుంది. విండోస్ 95 రోజుల్లో పనేమీ లేకపోయినా ప్రాసెసర్ ఊరికే తిరుగుతూ ఉండేది. 'రెయిన్', 'సీపీయూ ఐడిల్' వంటి చిన్న ప్రోగ్రాములు ఖాళీ సమయంలో దానికి 'హాల్ట్' అనే ఆదేశమిచ్చి కునుకు తీయించేవి. ఆ తర్వాత విండోస్ 2000, ఎక్స్‌పీలు ఆ పని సొంతంగానే చేసేశాయి. 2000లో ఇంటెల్ తెచ్చిన 'స్పీడ్‌స్టెప్', తర్వాత ఏఎండీ తెచ్చిన 'కూల్ అండ్ క్వైట్' మరో అడుగు ముందుకేశాయి. పనిని బట్టి వేగాన్నీ, వోల్టేజీనీ తగ్గించడం వీటి పద్ధతి.

కిటుకంతా వోల్టేజీలోనే ఉంది. అది రెట్టింపైతే ట్రాన్సిస్టర్ల పని వల్ల పుట్టే వేడి నాలుగింతలవుతుంది. అదే వేగాన్నీ, వోల్టేజీనీ 10 శాతం చొప్పున తగ్గిస్తే ఆ వేడి సుమారు 27 శాతం తగ్గుతుంది!

మీరే చేసుకోవచ్చు

* 'కోర్ టెంప్', 'హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో' లాంటి ఉచిత ప్రోగ్రాముతో ముందు వేడి ఎంతుందో చూసుకోండి.

* టాస్క్ మేనేజర్‌లో సీపీయూను ఎక్కువగా వాడుతున్నదేమిటో గమనించండి. అక్కర్లేనివి మూసేయండి. తెలియని ప్రోగ్రాము ఏదైనా అదేపనిగా నడుస్తుంటే వైరస్‌ని అనుమానించాల్సిందే.

* విండోస్ పవర్ ఆప్షన్స్‌లోని అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో 'మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్'ను 100 నుంచి 99కి మార్చండి. ఒక్క శాతమేగా అనుకోకండి. చాలా ల్యాప్‌టాప్‌లలో దాంతో 'టర్బో' వేగం ఆగిపోయి వేడి బాగా తగ్గుతుంది. ఫారాలు నింపడానికి ఆ వేగం సరిపోతుంది. గేములు, వీడియో ఎడిటింగ్ మాత్రం నెమ్మదిస్తాయి. కొన్ని కొత్త మోడళ్లలో ఈ ఆప్షన్ కనిపించదు.

* 'థ్రాటిల్‌స్టాప్' లాంటి వాటితో నేరుగా వోల్టేజీనే తగ్గించవచ్చు. కానీ మరీ తగ్గిస్తే కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఇదే దారిలో రహస్య సమాచారం లాగేయొచ్చని 2019లో 'ప్లండర్‌వోల్ట్' పరిశోధన చూపడంతో, చాలా ల్యాప్‌టాప్‌లలో ఈ సదుపాయానికి తాళం పడింది. అనుభవం లేనివారు దీని జోలికి వెళ్లకపోవడమే మేలు.

దుమ్ము సంగతి మరవద్దు

ఫ్యాన్‌కి దుమ్ము పట్టి ఉంటే ఏ సాఫ్ట్‌వేరూ గట్టెక్కించలేదు. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెడితే గాలి దారులు మూసుకుపోతాయి. గదిలో 42 డిగ్రీలుంటే, ఫ్యాన్ ఎంత తిరిగినా ప్రాసెసర్ అంతకన్నా చల్లబడదు. కాబట్టి శుభ్రం చేయించి, బల్ల మీద పెట్టి, వీలైతే పొద్దున్నే పని ముగించండి.

ఆ తర్వాత చల్లగా నిమ్మరసం తాగండి. గ్లాసు మాత్రం ల్యాప్‌టాప్‌కి దూరంగా పెట్టండి సుమా!