పాత ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌కు కొత్త బ్యాటరీ

ఇంట్లో ఛార్జి చేసుకుని కొంత దూరం కరెంటుతో, ఆ తర్వాత పెట్రోలుతో నడిచే కారును ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటారు. కరెంటుతో ఎంత దూరం పోతుందో తేల్చేది అందులోని హై వోల్టేజి బ్యాటరీ. ఏళ్లు గడిచేకొద్దీ దాని సామర్థ్యం తగ్గి, పెట్రోలు ఖర్చు పెరుగుతుంది. అప్పుడు పాతది తీయించి ఇంకా పెద్దది పెట్టించుకోవాలన్న ఆలోచన వస్తుంది.

అమెరికాలో 2010 చివర్లో అమ్మకానికి వచ్చిన షెవర్లే వోల్ట్ ఇందుకు మంచి ఉదాహరణ. మొదటి మోడల్ బ్యాటరీ 16 కిలోవాట్ అవర్లు, బరువు దాదాపు 200 కిలోలు. అందులో 288 సెల్‌లు ఉంటాయి. మూడేసి సెల్‌లను సమాంతరంగా కలిపి, అలాంటి 96 గుంపులను వరసగా జోడించారు. అందుకే మొత్తం వోల్టేజి 350 దాటుతుంది. సెల్‌లు ఎక్కువ కాలం మన్నాలని, ఉన్న సామర్థ్యంలో మూడింట రెండు వంతుల్నే కారు వాడుకునేలా కంపెనీ ఏర్పాటు చేసింది.

అమెరికా ప్రభుత్వ లెక్క ప్రకారం ఆ కారు కరెంటుతో 56 కిలోమీటర్లు నడిచేది. 2013 మోడల్‌లో బ్యాటరీ 16.5 కిలోవాట్ అవర్లకు, దూరం 61 కిలోమీటర్లకు పెరిగాయి. 2016 మోడల్‌గా వచ్చిన రెండో తరం వోల్ట్‌కు 18.4 కిలోవాట్ అవర్ల బ్యాటరీ పెట్టారు. దానితో దూరం 85 కిలోమీటర్లకు చేరింది, సెల్‌లు మాత్రం 192కు తగ్గాయి.

అలాగని రెండో తరం బ్యాటరీని తెచ్చి మొదటి తరం కారులో నేరుగా బిగించడం కుదరదు. సెల్‌ల అమరిక, వాటిని కనిపెట్టి ఉండే ఎలక్ట్రానిక్స్ వేరు. వోల్టేజి మోటారుకు, ఛార్జరుకు సరిపోవాలి. సెల్‌లను చల్లబరిచే కూలెంటు దారి కలవాలి. అన్నిటికన్నా ముఖ్యం, కారు కంప్యూటరుకు కొత్త సామర్థ్యం తెలియాలి. తెలియకపోతే అది పాత లెక్క ప్రకారమే కరెంటు తీసుకుంటుంది, పెరిగిన సామర్థ్యం వృథా అవుతుంది.

ఖర్చుకు దిగే ముందు పరీక్ష చేయించాలి. చలికాలంలో హీటరు వాడకం వల్ల, టైర్లలో గాలి తగ్గడం వల్ల కూడా దూరం తగ్గుతుంది. ఫుల్ ఛార్జి నుంచి ఇంజిను అందుకునే దాకా ఎన్ని కిలోవాట్ అవర్లు ఖర్చయ్యాయో చూస్తే బ్యాటరీ స్థితి తెలుస్తుంది. వరసలో ఒక్క గుంపు బలహీనపడినా మొత్తం బ్యాటరీ దాని స్థాయికే దిగుతుంది. అలాంటప్పుడు ఆ గుంపు ఉన్న మాడ్యూల్‌ను, అంటే బ్యాటరీలోని ఆ భాగాన్ని, మార్చితే సరిపోవచ్చు. అయితే కొత్తగా పెట్టేదాని సామర్థ్యం, వోల్టేజి మిగతావాటికి దగ్గరగా ఉండాలి.

ఈ పని ఇంట్లో చేసుకునేది కాదు. 350 వోల్టుల డీసీ కరెంటు ప్రాణం తీయగలదు. శిక్షణ పొందిన మెకానిక్‌లు ముందు సర్వీస్ ప్లగ్ తీసి, కెపాసిటర్లలోని ఛార్జి పోయేదాకా ఆగి, వోల్టేజి లేదని మీటరుతో రూఢి చేసుకున్నాకే నారింజ రంగు హై వోల్టేజి కేబుళ్లను ముట్టుకుంటారు. అప్పుడు కూడా వెయ్యి వోల్టులను తట్టుకునే రబ్బరు గ్లవ్స్ వేసుకుంటారు.

తీసేసిన బ్యాటరీ చెత్తలో పారేసేది కాదు. వోల్ట్‌ను తయారుచేసిన జనరల్ మోటార్స్ 2015లో మిషిగన్ రాష్ట్రంలోని మిల్‌ఫోర్డ్‌లో ఐదు పాత వోల్ట్ బ్యాటరీలను ఒక డేటా సెంటర్ భవనానికి కరెంటు నిల్వ చేసేందుకు వాడింది. అలా పనికిరానివి రీసైక్లింగ్‌కు చేరాలి.

పాత కారుకు అదే రకం మంచి బ్యాటరీ వేయించడమే చాలామందికి నిజమైన అప్‌గ్రేడ్. ఇంకా పెద్దది కావాలనుకునేవారు సాఫ్ట్‌వేర్, కూలింగ్, వారంటీ మూడింటికీ పూచీపడే వర్క్‌షాపు దొరికితేనే ముందుకు వెళ్లాలి.