క్రీట్‌లో మకాం ఎక్కడ?

నీలి సముద్రం, తెల్లటి ఇసుక, నాలుగువేల ఏళ్లనాటి రాజభవనాలు... గ్రీసు దేశపు క్రీట్‌ దీవిలో అన్నీ ఉన్నాయి. కాకపోతే అన్నీ ఒక్కచోట లేవు! అందుకే అక్కడ హోటల్‌ కన్నా ముందు ఊరిని ఎంచుకోవాలి.

దీవి అనగానే మన కళ్లముందు ఓ బొమ్మ కదుల్తుంది. చుట్టూ నీళ్లు, మధ్యలో కాస్త నేల. పొద్దున్నే బయల్దేరితే చీకటి పడేలోగా ఓ చుట్టు చుట్టేసి రావచ్చు. శాంటొరినీ లాంటి చిన్న దీవుల విషయంలో అది నిజమే. క్రీట్‌ దగ్గర మాత్రం ఆ లెక్క కుదరదు. మధ్యధరా సముద్రంలో సిసిలీ, సార్డీనియా, సైప్రస్‌, కోర్సికాల తర్వాత అయిదో పెద్ద దీవి ఇది. విస్తీర్ణం 8,336 చదరపు కిలోమీటర్లు... అంటే ఇంచుమించు మన ఉమ్మడి కృష్ణా జిల్లా అంత! పొడవు 260 కిలోమీటర్లు. పైగా నడుమ రెండున్నర వేల మీటర్లకు కాస్త తక్కువ ఎత్తున్న కొండలు అడ్డుగోడలా నిలబడి ఉంటాయి.

ఈ సంగతి తెలియక చాలామంది ఫొటో చూసి గది బుక్‌ చేసేస్తారు. తీరా వెళ్లాక చూడాలనుకున్నవన్నీ దీవికి ఆ చివరన ఉన్నాయని తెలుస్తుంది. లక్షలు పోసి వెళ్లిన వారం రోజుల సెలవులో సగం కారులోనే గడిచిపోతుంది. కాబట్టి వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ‘ఏ హోటల్‌?’ కాదు, ‘ఏ దిక్కు?’

పడమర... పాతనగరం, పచ్చని లోయ

క్రీట్‌కు తొలిసారి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది మనసు పడేది హన్యా మీద. (ఇంగ్లిషులో ఈ పేరును సి, హెచ్‌, ఎక్స్‌... మూడు అక్షరాల్లో దేనితోనైనా మొదలుపెట్టి రాస్తారు. బోర్డులు చూసి కంగారు పడొద్దు, ఊరు ఒకటే!) వెనీస్‌ పాలకులు కట్టిన రేవు, దీపస్తంభం, రంగురంగుల ఇళ్ల మధ్య సన్నటి సందులు... సాయంత్రం నడకకు అంతకన్నా అందమైన చోటు దీవిలో మరొకటి దొరకదు. గులాబీ ఛాయ ఇసుకతో మెరిసే ఎలఫొనిసి, మడుగులాంటి బాలోస్‌ తీరాలు ఈ వైపే ఉన్నాయి.

సమరియా లోయలో నడవాలనుకుంటే కూడా హన్యాలో దిగడమే మేలు. 16 కిలోమీటర్ల ఈ నడక కొండమీద 1,200 మీటర్లకు పైబడిన ఎత్తులో మొదలై సముద్రం ఒడ్డున అయా రుమెలి అనే పల్లెలో ముగుస్తుంది. ఆ పల్లెకు రోడ్డు లేదు! అక్కణ్నుంచి పడవలో మరో ఊరు చేరి బస్సెక్కాలి. తెల్లవారుజామున హన్యాలో బస్సెక్కితే రాత్రికి తిరిగి గదికి చేరొచ్చు. అదే తూర్పు కొసన మకాం పెట్టి ఇక్కడికి రావాలంటే అర్ధరాత్రే బయల్దేరాలి.

ఓ చిన్న చిక్కుంది. పాతనగరం సందుల్లోకి కారు వెళ్లదు. పెట్టెలు లాక్కుంటూ నడవాలి. పాతకాలపు ఇళ్లలో మెట్లు నిటారుగా ఉంటాయి, లిఫ్టు ఉండటం అరుదు. పెద్దవాళ్లు వెంట ఉంటే పాతనగరానికి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్న నెయా హోరా తీరం దగ్గర గది చూసుకోవడం నయం.

నడుమ... చరిత్ర కావాలంటే

రాజధాని హెరాక్లియన్‌ చూడగానే ఆకట్టుకునే ఊరు కాదు. ట్రాఫిక్‌, కాంక్రీటు భవనాలు, హడావుడి. చరిత్రంటే ఇష్టముంటే మాత్రం రెండు మూడు రాత్రులు ఇక్కడ ఉండాల్సిందే. 1900లో ఆర్థర్‌ ఎవాన్స్‌ తవ్వకాలు మొదలుపెట్టిన క్నోసోస్‌ రాజభవనం ఊరికి అయిదు కిలోమీటర్లే. సిటీ బస్సులో వెళ్లి రావచ్చు. అక్కడ దొరికిన కుడ్యచిత్రాలు, బంగారు నగలు ఊళ్లోని మ్యూజియంలో ఉన్నాయి. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఆరు మినోవన్‌ భవన కేంద్రాల్లో క్నోసోస్‌, ఫేస్తోస్‌, మల్యా... మూడింటినీ ఇక్కణ్నుంచి తేలిగ్గా చూడొచ్చు.

దగ్గర్లోని హెర్సొనిసోస్‌, మల్యా పట్నాల్లో గదులు చవకని కొందరు అటు వెళ్తారు. వేసవిలో అవి యూరప్‌ కుర్రకారు అడ్డాలు. ముఖ్యంగా మల్యాలో పబ్బుల వీధి తెల్లవార్లూ మేలుకునే ఉంటుంది. చంటిపిల్లలతో వెళ్లేవాళ్లు వీధి పేరు చూసుకుని మరీ బుక్‌ చేసుకోవాలి.

‘మకాం మార్చే ఓపిక లేదు, ఒక్కచోటే ఉంటాం’ అనేవాళ్లకు రెథిమ్నో సరైన ఊరు. హన్యా 60 కిలోమీటర్లు, హెరాక్లియన్‌ 80 కిలోమీటర్లు. ఎటు వెళ్లినా గంట, గంటన్నర. కోట, పాతనగరం, ఊరిని ఆనుకునే కిలోమీటర్ల పొడవున ఇసుక తీరం... అన్నీ నడక దూరంలోనే.

తూర్పు... తీరిగ్గా ఉండాలంటే

ఊరి నడుమ చెరువు, ఆ చెరువు నుంచి సముద్రంలోకి చిన్న కాలువ... ఆయోస్‌ నికొలాయోస్‌ ముచ్చటైన పట్నం. పక్కనే ఉన్న ఎలుండాలో ఖరీదైన రిసార్టులుంటాయి. ఎదురుగా స్పినలొంగా దీవి. 1903 నుంచి 1957 దాకా కుష్ఠురోగులను అక్కడ వెలివేసినట్టు ఉంచేవారు. విక్టోరియా హిస్లప్‌ 2005లో రాసిన ‘ది ఐలాండ్‌’ నవల తర్వాత ఆ కథ ప్రపంచానికి తెలిసింది. ఇప్పుడు పడవలో వెళ్లి చూసొస్తారు.

ఇంకా తూర్పుకు వెళ్తే సితియా. జనం తక్కువ, ధరలూ తక్కువే. మన ఈతచెట్టుకు దాయాది అయిన ఓ రకం ఖర్జూర చెట్ల వనం వాయి తీరంలో ఉంది. పదిరోజుల సెలవు ఉన్నవాళ్లకే ఈ కొస. వారంలో దీవంతా చూడాలనుకుంటే ఇక్కడ మకాం వద్దు.

దక్షిణం... రోడ్డు ఆగిపోయే చోటు

కొండలు దాటితే లిబియా సముద్రం. ఈ వైపు పెద్ద హోటళ్లు తక్కువ, కుటుంబాలు నడిపే గదులే ఎక్కువ. పాలియోహొరా, ప్లకియాస్‌, ఒకప్పుడు హిప్పీలు గుహల్లో బతికిన మాతల ఇక్కడివే. లుత్రోకైతే రోడ్డే లేదు, పడవలోనో కాలినడకనో చేరాలి. తీరం వెంబడి ఒక ఊరి నుంచి మరో ఊరికి కారులో వెళ్దామన్నా చాలాచోట్ల కుదరదు. మళ్లీ కొండెక్కి దిగాల్సిందే. ఏమీ చూడకుండా, ఎటూ పరుగెత్తకుండా కూర్చోవాలనుకునేవాళ్లకు ఇది స్వర్గం. పిల్లలు ‘ఇవాళ ఎక్కడికెళ్తున్నాం?’ అని అడిగే రకమైతే మాత్రం కష్టం.

ఒకటా, రెండా?

అయిదు రోజులైతే ఒక్క మకాం చాలు. వారం దాటితే రెండు. మూడోది పెట్టుకుంటే పెట్టెలు సర్దడానికే పుణ్యకాలం గడిచిపోతుంది. అందరూ సులువుగా పాటించగల పద్ధతి ఒకటుంది. విమానాశ్రయాలు హెరాక్లియన్‌, హన్యా రెండుచోట్లా ఉన్నాయి. ఒకచోట దిగి రెండోచోట విమానం ఎక్కితే వెళ్లిన దారినే వెనక్కి రావాల్సిన పని ఉండదు. ఏథెన్స్‌ నుంచి విమానంలో గంటలోపు ప్రయాణం. పిరయస్‌ రేవులో రాత్రి ఓడ ఎక్కినా తెల్లారేసరికి చేరొచ్చు, ఒక రాత్రి గది అద్దె మిగులుతుంది.

కారు నడిపే ధైర్యం లేనివాళ్లు ఉత్తర తీరంలోనే ఉండాలి. హన్యా, రెథిమ్నో, హెరాక్లియన్‌, ఆయోస్‌ నికొలాయోస్‌లను కలుపుతూ బస్సులు తరచూ తిరుగుతుంటాయి. దక్షిణానికి బస్సులున్నా బాగా తక్కువ.

బుక్‌ చేసేముందు...

* షెంజెన్‌ వీసా దరఖాస్తుతోపాటు బస వివరాలు చూపాలి. అందుకే రద్దు చేసుకున్నా డబ్బు తిరిగొచ్చే గదినే బుక్‌ చేసుకోండి.

* గది అద్దెకు అదనంగా ప్రభుత్వ రుసుము ఉంటుంది. 2025 నుంచి ఏప్రిల్‌-అక్టోబరు నెలల్లో హోటల్‌ స్థాయిని బట్టి గదికి రోజుకు 2 నుంచి 15 యూరోలు.

* మే, జూన్‌, సెప్టెంబరు హాయిగా ఉంటాయి. జులై, ఆగస్టుల్లో ఎండ, రద్దీ, అద్దె మూడూ ఎక్కువే. చలికాలంలో తీరంలోని హోటళ్లు చాలావరకు మూసేస్తారు.

* శాకాహారులకు బియ్యం కూరిన టమోటాలు, ఉడికించిన ఆకుకూరలు, రస్కు మీద టమోటా తురుము, చీజ్‌ వేసిచ్చే ‘డాకోస్‌’ దొరుకుతాయి. రోజూ అన్నం ఉండాల్సిందే అంటే వంటగట్టు ఉన్న ‘స్టూడియో’ గది చూసుకోండి. ఆవకాయ సీసా ఎలాగూ పెట్టెలో ఉంటుందిగా!