వానలో దూరపు పరుగు

నల్లమల అంచుననున్న మన అచ్చంపేటలో వానాకాలపు జల్లు పరుగెత్తువానికి హాయి గూర్చును. ఆ వాన వెచ్చనిది. చలివాన సంగతి వేరు.

మారథాన్ పరుగు 42.195 కిలోమీటర్లు. అందు దేహము వ్యయపరచు శక్తిలో రమారమి ముప్పాతిక వంతు వేడిగా మారును. కావున పది డిగ్రీల చల్లదనము మేలే చేయును. అయితే చలికి వాన, గాలి తోడైనచో తడిబట్ట ఒంటివేడిని లాగివేయును. కండరములు బిగిసి అడుగు మందగించును. అడుగు మందగించిన కొలది లోపల పుట్టు వేడియు తగ్గును. చలి మరింత పైకొనును. అపాయమంతయు ఈ వలయముననే యున్నది.

2018లో బోస్టన్ నగరమున చలివానలో, ఎదురుగాలిలో మేటి పరుగుగాండ్రు పలువురు నడుమనే విరమించిరి. జపాను దేశీయుడు యూకి కవౌచి 2 గంటల 15 నిమిషముల 58 సెకండ్లలో గెలిచెను. 2021 మే 22న చైనాలోని గాన్సు కొండలలో, నూరు కిలోమీటర్ల పందెమున, వడగండ్లకు, చలివానకు, పెనుగాలికి చిక్కి 21 మంది అసువులు బాసిరి.

చలిసీమల పందెములకు పోవు మన యువకులకు మేము మనవి చేయునది ఒక్కటే. తలను, చేతులను కప్పికొనుడు. వణుకు ఆగనిచో పరుగు మాని, పొడిబట్టలు కట్టి, వెచ్చని చోటు చేరుడు. పందెము మరల వచ్చును.