దమ్మామ్ ఎండలో మోటారుసైకిల్ బ్యాటరీ: ఒక రోగనిర్ధారణ

‘బ్యాటరీ డౌన్ అయింది’ అన్న మాట ‘జ్వరం వచ్చింది’ అన్న మాట వంటిది. అది లక్షణాన్ని చెబుతుంది, కారణాన్ని చెప్పదు. సెల్ఫ్ మీట నొక్కితే టకటకమని చప్పుడు చేసి ఊరుకునే బండి వెనుక ముసలి బ్యాటరీ ఉండవచ్చు, వదులైన తీగ ఉండవచ్చు, విద్యుత్తును సరిగా అందించని రెగ్యులేటరు ఉండవచ్చు. మూడింటికీ ఒకే మందుగా కొత్త బ్యాటరీ కొనిపించడం వీధి వైద్యం. సౌదీ అరేబియా తూర్పు తీరాన దమ్మామ్, అల్ ఖోబర్ వీధుల్లో మోటారుసైకిల్ మీద భోజనం చేరవేసి బతికే మనిషికి ఈ వీధి వైద్యం రెండు విధాల నష్టం. బ్యాటరీకి పెట్టిన రియాళ్లు పోతాయి; అసలు జబ్బు తిరగబెట్టి మళ్లీ బండి ఆగిన రోజు కూలీ కూడా పోతుంది. ఇంటికి పంపవలసిన డబ్బులో ఆ రెండూ లోటుగా తేలుతాయి.

సీసపు బ్యాటరీ పాత వస్తువే. ఫ్రాన్సుకు చెందిన గాస్టన్ ప్లాంటే 1859లో దాన్ని రూపొందించాడు. ఈనాటికీ మూల సూత్రం మారలేదు. ఒక వైపు సీసం, మరొక వైపు సీసపు డయాక్సైడు, నడుమ నీటిలో కలిపిన గంధకికామ్లం. ఇలాంటి గది ఒక్కటి సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. ఆరు గదులను వరుసగా కలిపితే 12.6 వోల్టులు, దీనినే వ్యవహారంలో పన్నెండు వోల్టుల బ్యాటరీ అంటారు. విద్యుత్తు వాడుకుంటున్నకొద్దీ రెండు పలకల మీదా సీసపు సల్ఫేటు పేరుకొంటుంది, ఆమ్లం పలుచబడుతుంది. ఛార్జి చేస్తే చర్య వెనక్కి నడుస్తుంది. అయితే చాలాకాలం ఛార్జి లేకుండా వదిలేస్తే ఆ సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా మారి వెనక్కి కరగడానికి మొరాయిస్తుంది. మూత్రపిండంలో రాయి కట్టినట్టే అనుకోవచ్చు. మొదట్లో కరిగించగలిగేది తరువాత సాధ్యం కాదు.

దమ్మామ్‌కు ప్రత్యేకమైనది ఎండ. జూలై, ఆగస్టు మధ్యాహ్నాల్లో నీడలోనే 45 డిగ్రీల సెల్సియస్ సామాన్యం. సముద్రపు తేమ దానికి తోడు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదని అక్కడి ప్రభుత్వ నిబంధన ఉంది. మనిషికి ఆ విరామం ఉంది, కాని ఎండలో నిలిపిన బండికి లేదు. నల్లని సీటు కింద, ఇంజను పక్కన ఇరుకు పెట్టెలో కూర్చున్న బ్యాటరీ గాలి కన్నా వేడిగా ఉంటుంది.

ఉష్ణోగ్రత పెరిగితే రసాయన చర్యావేగం పెరుగుతుందన్న సంగతిని స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్ 1889లో సూత్రబద్ధం చేశాడు. బ్యాటరీ రంగంలో దాని మోటు రూపం ఇది: 25 డిగ్రీలకు పైన ప్రతి పది డిగ్రీలకూ ఆయుర్దాయం దాదాపు సగమవుతుంది. 25 దగ్గర నాలుగేళ్లు బతకవలసింది 35 దగ్గర రెండేళ్లు, 45 దగ్గర ఒక్క ఏడాది. ఏడాది పొడవునా దమ్మామ్‌లో 45 డిగ్రీలు ఉండవు కనుక లెక్క ఇంత కఠినంగా ఉండదు, కాని దిశ అదే. వేడికి ఆమ్లంలోని నీరు ఆవిరవుతుంది, పలకలను మోసే సీసపు జాలీ తినివేయబడుతుంది, వాడకపోయినా నిల్వ తరిగిపోయే వేగం హెచ్చుతుంది.

ఇక్కడ ఒక విచిత్రముంది. వేడిలో బ్యాటరీ చురుకుగా పనిచేస్తుంది; లోపలి నిరోధం తగ్గి, పాడైన పలకలు కూడా ఇంజనును తిప్పగలిగేంత ప్రవాహాన్ని ఇస్తాయి. అందుచేత వేసవి చేసిన హాని వేసవిలో కనబడదు. జనవరిలో తెల్లవారుజాము 10 డిగ్రీల దరిదాపులకు దిగినప్పుడు ఇంజను నూనె చిక్కబడుతుంది, బ్యాటరీ బలం తగ్గుతుంది, అప్పుడు బండి కదలదు. చలికి పోయిందని అందరూ అంటారు. చంపినది ఎండ, శవం బయటపడేది చలిలో.

భోజనం చేరవేసే బండి జీవితం కూడా బ్యాటరీకి అనుకూలమైనది కాదు. సెల్ఫ్ ఒక్కసారికి 50 ఆంపియర్లు మూడు సెకన్లు తీసుకుంటుందనుకుందాం. రోజుకు ముప్పైసార్లు ఆపి, మళ్లీ నడిపితే 1.25 ఆంపియర్ గంటలు ఖర్చు. అయిదు ఆంపియర్ గంటల చిన్న బ్యాటరీలో ఇది నాలుగో వంతు. పరుగు పొడవుగా ఉంటే ఇంజను దాన్ని తిరిగి నింపుతుంది. కాని సిగ్నళ్ల దగ్గర మందంగా తిరిగే ఇంజను ఇచ్చే విద్యుత్తు దీపానికీ, ఫోను ఛార్జింగుకూ సరిపోతే గొప్ప. హోటలు ముందు ఇంజను ఆపి, తాళం మాత్రం తిప్పి ఉంచి ఎదురుచూడటం మరీ చెడ్డ అలవాటు. 35 వాట్ల దీపం గంటసేపు వెలిగితే మూడు ఆంపియర్ గంటలు, అంటే సగానికి పైగా నిల్వ పోతుంది.

రోగనిర్ధారణలో మొదటిది చరిత్ర అడగడం. బ్యాటరీ వయసెంత? నెమ్మదిగా బలహీనపడిందా, నిన్నటి దాకా బాగుండి ఇవాళ హఠాత్తుగా ఆగిందా? హఠాత్తుగా ఆగితే తీగనో ఫ్యూజునో ముందు అనుమానించాలి. తరువాత కంటితో చూడడం. పెట్టె ఉబ్బిందా, కొనల మీద తెల్లగా, పచ్చగా పొడి పట్టిందా, బిగింపు వేలితో కదులుతోందా? దమ్మామ్ గాలిలోని ఉప్పు తేమ ఈ కొనలను త్వరగా చెడగొడుతుంది. బన్షర్ అని అక్కడ పిలిచే పంక్చరు దుకాణంలో ‘భాయ్, బ్యాటరీ మార్చు’ అనే ముందు ఈ కొనలు గీకి బిగించి చూస్తే కొన్ని కేసులు అక్కడితో ముగుస్తాయి.

మిగిలినవాటికి మల్టీమీటరు చాలు. బండిని కొన్ని గంటలు, వీలైతే రాత్రంతా కదపకుండా ఉంచి కొలిస్తే 12.6 లేదా ఆపైన ఉండాలి. 12.4 అంటే ముప్పాతిక నిల్వ, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు మాత్రమే. ఈ కొలత నిల్వను చెబుతుంది, ఆరోగ్యాన్ని చెప్పదు. కూర్చున్నప్పుడు నాడి బాగున్న రోగిని మెట్లెక్కించి చూసినట్టు, సెల్ఫ్ నొక్కుతున్నప్పుడు కొలవాలి. నిండుగా ఛార్జి ఉన్న బ్యాటరీ అప్పుడు 9.6 వోల్టుల కిందికి పడిపోతే లోపం దానిదే. పడిపోకుండా నిలిచి, మోటారు మాత్రం తిరగకపోతే దోషం తీగలలోనో, రిలేలోనో, మోటారులోనో ఉంది.

మూడవది చాలామంది వదిలేసే పరీక్ష, అన్నిటికన్నా డబ్బు ఆదా చేసేదీ ఇదే. ఇంజనును కాస్త వేగంగా తిప్పుతూ బ్యాటరీ కొనల వద్ద కొలవాలి. 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉంటే సరి. 13 దాటకపోతే బండి బ్యాటరీని నింపడం లేదు. కొత్త బ్యాటరీ వేసినా కొన్నాళ్లలో అదే గతి. 15 దాటితే రెగ్యులేటరు చెడి బ్యాటరీని ఉడికిస్తోంది. ఉబ్బిన పెట్టె, మాటిమాటికీ నీరు తగ్గిపోయే గదులు దాని గుర్తులు. పైగా, ఎండ ఎక్కువైనకొద్దీ బ్యాటరీకి తక్కువ ఛార్జింగు వోల్టేజి చాలు. 25 డిగ్రీలతో పోలిస్తే 45 దగ్గర దాదాపు అర వోల్టు తక్కువ. అన్ని రెగ్యులేటర్లూ ఈ సవరణ చేసుకోవు.

మార్చడమే తేలితే, పాతదానితో సమానమైన వోల్టులు, ఆంపియర్ గంటలు, కొలతలు, కొనల దిశ చూసుకోవాలి. దమ్మామ్ రెండవ పారిశ్రామిక నగరంలోనే వాహనాల బ్యాటరీలు తయారుచేసే మిడిల్ ఈస్ట్ బ్యాటరీ కంపెనీ ఉంది. తెలుగువారికి తిరుపతి దగ్గరి కరకంబాడి అమరరాజా సంగతి చెప్పనక్కరలేదు. పేరు కన్నా తయారీ తేదీ ముఖ్యం. వేడి గోదాములో నెలల తరబడి కూర్చున్న ‘కొత్త’ బ్యాటరీ సగం ముసలిదే. డబ్బులిచ్చే ముందు కొలిపించి, 12.4 కన్నా తక్కువుంటే వద్దనడం మేలు.

విప్పేటప్పుడు ఇంజను ఆపి, రుణ కొనను ముందు విప్పాలి, బిగించేటప్పుడు చివర బిగించాలి. బండి చట్రమంతా రుణ కొనకు కలిసి ఉంటుంది. ఆ తీగ ఊడదీయకుండా ధన కొన మీద పానా పెట్టినప్పుడు అది చట్రానికి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. బిగించాక కొనలకు కాస్త వాజలీను రాస్తే ఉప్పు గాలి తొందరగా అంటదు.

ఒకే గదిలో ఆరుగురో ఎనిమిదిమందో సర్దుకునే చోట బ్యాటరీని లోపలికి తెచ్చి రాత్రంతా ఛార్జింగు పెట్టడం ప్రమాదకరం. ఛార్జి చివరి దశలో హైడ్రోజను వెలువడుతుంది. గాలిలో నాలుగు శాతం చేరితే ఒక్క రవ్వకు పేలగలదు. తలుపులన్నీ మూసి ఏసీ వేసిన గది అందుకు తగిన చోటు కాదు. ఆమ్లం కంట్లో పడితే సోడాలూ చిట్కాలూ వెతకకుండా వెంటనే ధారగా మంచినీటితో కనీసం ఇరవై నిమిషాలు కడిగి, ఆసుపత్రికి వెళ్లాలి. కడగడంలో ఆలస్యమైన ప్రతి నిమిషం కనుపాప ముందరి పారదర్శక పొరకు నష్టమే.

పాత బ్యాటరీని పగలగొట్టి సీసం అమ్ముకోవాలనే ఆశ ఎక్కడైనా ఉంటుంది. సీసపు ధూళి ఊపిరితోనూ, చేతుల నుంచి తిండితోనూ ఒంట్లోకి చేరి ఎముకల్లో ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. రక్తహీనత, కడుపునొప్పి, రక్తపోటు పెద్దవారిలో కనిపిస్తాయి. పిల్లల మెదడుకైతే హాని లేని మోతాదంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. భారతదేశంలో 2001 నాటి నిబంధనలు, వాటి స్థానంలో వచ్చిన 2022 నిబంధనలు పాత బ్యాటరీని తిరిగి సేకరించే బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. దమ్మామ్‌లోనైనా, జగిత్యాలలోనైనా, కొత్తది కొన్న దుకాణంలోనే పాతదాన్ని ఇచ్చి ధరలో ఎంతో కొంత తగ్గించమని అడగవచ్చు. తీసుకువెళ్లేటప్పుడు నిటారుగా, కొనలకు టేపు చుట్టి తీసుకువెళ్లాలి.