ఐబీఎస్‌కు ప్రోబయోటిక్ వాడుతున్నారా?
తల్లిదండ్రులకు: ఐబీఎస్ అని డాక్టరు చెప్పగానే చాలామంది మందుల షాపులో ఏదో ఒక ప్రోబయోటిక్ కొనేస్తుంటారు. తప్పేం లేదు, కానీ అందరికీ పనిచేయదు. పెద్దలకు బ్రిటన్‌లోని నైస్ సంస్థ సలహా ఏమంటే, డబ్బా మీది మోతాదులో కనీసం 4 వారాలు వాడి చూడాలని. నొప్పి, ఉబ్బరం, విరేచనాలు రోజూ క్యాలెండరు మీద రాసుకోండి. మూడో రోజుకే బ్రాండు మార్చేస్తే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది? 12 వారాలకూ తేడా లేకపోతే ఆపేయండి, డబ్బు దండగ. పెరుగన్నం మానక్కర్లేదు, పడితే తినండి.

మలంలో రక్తం, బరువు తగ్గడం, నిద్రలేపే విరేచనాలు ఉంటే మాత్రం వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మీ క్యాప్సూల్ పిల్లలకు ఇవ్వొద్దు. పరీక్షరోజు పొద్దున్నే కడుపునొప్పి అంటే నటన అని కసరకండి. ఆందోళనకు పేగు నిజంగానే బిగుసుకుంటుంది. తరచూ వస్తుంటే చూపించండి, క్లాసు టీచరుకూ చెప్పండి.