తుపాకీ తన్నినా కదలని దుర్భిణి

అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో వార్నర్ అండ్ స్వేసీ అని ఒక యంత్రాల కంపెనీ ఉండేది. కాలిఫోర్నియాలో మౌంట్ హామిల్టన్ కొండ మీద 1888లో మొదలైన లిక్ అబ్జర్వేటరీలో 36 అంగుళాల టెలిస్కోపును మోసే యంత్రాంగం కట్టింది వాళ్లే. 1897లో యెర్కీజ్ అబ్జర్వేటరీకి వచ్చిన 40 అంగుళాల టెలిస్కోపునూ వాళ్లే నిలబెట్టారు. టన్నుల బరువున్న గొట్టాన్ని నక్షత్రం వెంట వెంట్రుకవాసి తేడా లేకుండా తిప్పిన చేతులవి. అలాంటి కంపెనీ 1908లో అమెరికా సైన్యానికి రైఫిల్ మీద బిగించే చిన్న దుర్భిణి ఒకటి చేసిచ్చింది. బరువు కిలోకు అటూ ఇటూ. ఆ చిన్నదాన్ని మాత్రం అది స్థిరంగా నిలపలేకపోయింది.

ఆకాశం చూసే అద్దాలవాళ్లు తుపాకీ గురి జోలికి రావడం ఆ రోజుల్లో వింతేమీ కాదు. మన హైదరాబాదు నిజామియా అబ్జర్వేటరీలోని 15 అంగుళాల టెలిస్కోపును తయారుచేసిన డబ్లిన్ వాసి హోవర్డ్ గ్రబ్, 1900లో ప్రతిబింబం సాయంతో గురి చూసే పరికరాన్ని కనిపెట్టాడు. ఇవాళ్టి ‘రెడ్ డాట్’ సైట్లకు మూలపురుషుడు ఆయనే.

వార్నర్ అండ్ స్వేసీ దుర్భిణిలో పెద్ద ఇబ్బంది పట్టుదే. రైఫిల్ ఎడమ పక్కన ఒక పట్టీ, దాని గాడిలోకి దూర్చి బిగించే దుర్భిణి. కాలుస్తూ పోతే ఆ గాడిలో ఆట మొదలయ్యేది. 1913లో కొత్త నమూనా తెచ్చారు. చూపును 6 రెట్ల నుంచి 5.2 రెట్లకు తగ్గించారు గానీ ఆ వదులు పోలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో కెనడా సైనికులు దీన్ని తమ రాస్ రైఫిళ్ల మీద పెట్టుకుని నానా తంటాలూ పడ్డారు.

నక్షత్రం తన్నదు, రైఫిల్ తంతుంది. ఎంత గట్టిగా తంతుందో చిన్న అంచనా లెక్క వేద్దాం. వేటలో బాగా వాడుకలో ఉన్న .308 విన్‌చెస్టర్ తూటా అనుకోండి. గుండు బరువు 10 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 800 మీటర్లు, రైఫిల్ బరువు 4 కిలోలు. గుండు గొట్టంలో ఉండేది దాదాపు సెకనులో వెయ్యోవంతు. అంతలోనే రైఫిల్ సెకనుకు 2 మీటర్లకు పైగా వేగం అందుకుని వెనక్కి దూకుతుంది. గొట్టంలో పీడనం పతాకస్థాయికి చేరిన క్షణాన ఆ దూకుడు గురుత్వ త్వరణానికి 500 రెట్ల దాకా ఉంటుంది. అప్పుడు పైనున్న అరకిలో స్కోపును, అంటే దుర్భిణిని, రైఫిల్‌తోపాటు వెనక్కి లాక్కెళ్లాలంటే దాని గొట్టాన్ని బిగించిన రింగులు 250 కిలోల బరువుకు సమానమైన బలంతో పట్టుకోవాలి.

స్కోపు ఎటు జారాలని చూస్తుంది? చాలామంది వెనక్కి అనుకుంటారు. నిజానికి ముందుకు. గొడ్డలి తల వదులైతే పిడి అడుగును నేలకేసి కొడతాం. పిడి ఆగిపోతుంది, తల మాత్రం తన వేగంతో ఇంకాస్త దిగి బిగుసుకుంటుంది. ఇక్కడ జరిగేదీ ఆ జడత్వమే, కాకపోతే తిరగేసి. రైఫిల్ ఉన్నట్టుండి వెనక్కి పోతుంది, స్కోపు ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. రైఫిల్ పట్టుకున్నవాడి కంటికి అది ముందుకు జారినట్టు కనిపిస్తుంది.

తొలితరం వాళ్లు ఈ బలంతో కొట్లాటే పెట్టుకోలేదు. 1855లో న్యూయార్క్ రాష్ట్రం సిరక్యూస్‌లో విలియం మాల్కమ్ రైఫిల్ దుర్భిణుల తయారీ మొదలుపెట్టాడు. సన్నటి గొట్టాలు, కొన్ని రైఫిల్ గొట్టమంత పొడవు. అప్పట్లో గురి సవరించే మరలు దుర్భిణి లోపల ఉండేవి కావు, దాన్ని పట్టుకునే మౌంటులోనే ఉండేవి. పైకీ పక్కకీ జరపాలంటే మొత్తం గొట్టాన్నే జరపాలి. ఈ పద్ధతి ఇరవయ్యో శతాబ్దం సగం దాకా బతికింది. పిట్స్‌బర్గ్‌లో జాన్ ఉనెర్టల్ చేసిన 8 రెట్ల స్కోపును రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా మెరీన్లు తమ స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్ల మీద వాడారు. దాన్ని కదలకుండా బిగించరు. రింగుల్లో స్వేచ్ఛగా జారనిస్తారు. పేల్చగానే రైఫిల్ వెనక్కి వస్తుంది, గొట్టం రింగుల్లో ముందుకు జారుతుంది, పేల్చినవాడు చేత్తో దాన్ని మళ్లీ వెనక్కి లాక్కుంటాడు. ప్రతి గుండుకూ ఇదే తంతు. చూడ్డానికి మోటుగా ఉంటుంది గానీ నాకు ఈ ఏర్పాటంటే గౌరవం. సున్నితమైన మరల మీద పడాల్సిన దెబ్బను జారుడులోనే కరిగించేశారు.

ఈ దారిని మార్చినవాడు విలియం రాల్ఫ్ వీవర్. 1930లో కెంటకీలో ఆయన మొదలుపెట్టిన స్కోపులో సవరించే మరలు గొట్టం లోపలికి వెళ్లిపోయాయి. ఆలోచన ఆయన ఒక్కడిదే కాదు గానీ, మామూలు వేటగాడు కొనుక్కోగల ధరలో అందించింది ఆయనే. ఇక గొట్టం కదలాల్సిన పని లేదు. మౌంటుకు మిగిలింది ఒకే ఒక్క ఉద్యోగం: కదలకుండా పట్టుకోవడం. ఆ ఉద్యోగం చేసేదేమో నాలుగు మిల్లీమీటర్ల దరిదాపు లావున్న చిన్న స్క్రూలు.

ఎంత కదిలితే తప్పు? రెండు రింగుల మధ్య దూరం 10 సెంటీమీటర్లు అనుకుందాం. ఒక రింగు 0.1 మిల్లీమీటరు పక్కకు తప్పిందంటే 100 మీటర్ల దూరాన గుండు 10 సెంటీమీటర్లు అవతల పడుతుంది. కంటికి ఆ కదలిక ఆనదు. అందుకే నింద తూటా మీదికో, అద్దం మీదికో, చివరికి పేల్చినవాడి చెయ్యి వణుకు మీదికో పోతుంది. నన్నడిగితే ముందు పట్టుకోవాల్సింది స్క్రూనే.

స్క్రూ ఎందుకు వదులవుతుందన్నది ఇంజనీర్లకే చాలాకాలం సరిగా అంతుపట్టలేదు. బోల్టు పొడవునా లాగితే, కుదిపితే వదులవుతుందని అనుకునేవారు. జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో ప్రచురించిన ప్రయోగాలు ఆ లెక్క మార్చాయి. అసలు శత్రువు అడ్డంగా వచ్చే జారుడు. బిగించిన రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి పక్కకు రవ్వంత జారితే చాలు, ఆ క్షణాన మరల మధ్య రాపిడి పట్టు వదిలేస్తుంది. స్క్రూ దానంతట అదే వెనక్కి తిరుగుతుంది. రైఫిల్ తన్నులో స్కోపు స్క్రూలకు అడ్డంగా వచ్చేది సరిగ్గా ఆ దెబ్బే. కాబట్టి స్క్రూ పని స్కోపును ‘ఆపడం’ కాదు. రెండు ముక్కల్నీ అసలు జారనంత గట్టిగా అదిమిపెట్టడం. ఆపేది ఆ అదుము వల్ల పుట్టిన రాపిడి.

బిగింపు విషయానికొస్తే ఇక్కడ ఒక మాయ ఉంది. పాన తిప్పడానికి మనం పెట్టే శ్రమలో దాదాపు పదోవంతే స్క్రూను సాగదీసి అదుముగా మారుతుంది. మిగతాదంతా స్క్రూ తల కిందా మరల మధ్యా రాపిడికే పోతుంది. మరలకు కాస్త నూనె అంటితే ఆ రాపిడి తగ్గి, అదే బిగింపుకు స్క్రూ బాగా ఎక్కువ సాగుతుంది. గొట్టం నొక్కుకుపోవచ్చు, మర తెగిపోవచ్చు. అదే నూనె రింగు లోపల గొట్టానికి అంటితే పట్టు సడలుతుంది. అందుకే తెలిసినవాళ్లు ముందు అన్నింటినీ స్పిరిట్‌తో తుడిచి ఆరబెడతారు. రింగు స్క్రూలకు తయారీదారులు సాధారణంగా 2 న్యూటన్-మీటర్ల దరిదాపుల్లో బిగింపు చెబుతారు. 4 మిల్లీమీటర్ల స్క్రూకు అది సుమారు 250 కిలోల లాగుడు. రెండు రింగులకూ కలిపి ఎనిమిది స్క్రూలుంటే రెండు టన్నుల అదుము. ఇందాకటి తన్నుకు అది చాలు, మిగులు కూడా ఉంటుంది. ‘చేతికి తెలుస్తుంది’ అని బిగింపు కొలిచే టార్క్ రెంచి లేకుండా బిగించేవాళ్లు పలుచటి అల్యూమినియం గొట్టాన్ని నొక్కేసుకోవడమే ఎక్కువ.

మౌంటు అడుగుపట్టీని రైఫిల్‌కు కలిపే స్క్రూలకు చుక్క జిగురు వేయడం కూడా ఆనవాయితీ. లోక్‌టైట్ పేరుతో అందరికీ తెలిసిన ఈ ద్రవాన్ని 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో రసాయనశాస్త్ర ఆచార్యుడు వెర్నన్ క్రీబుల్ తయారుచేశాడు. గాలి తగులుతున్నంతసేపూ అది ద్రవంగానే ఉంటుంది. మరల సందులో గాలి అందక, లోహం తగిలితే గట్టిపడుతుంది. ఇది అదుముకు తోడే గానీ బదులు కాదు.

రాపిడి ఒక్కదాన్నే నమ్ముకోకుండా అడ్డుకట్ట కూడా వేసింది రెయిలు, అంటే రైఫిల్ పైన మౌంటు కూర్చునే గాళ్ల పట్టీ. వీవర్ పట్టీకే అడ్డగాళ్లుండేవి, కానీ వాటి మధ్య దూరాలు ఒక్కో పట్టీకి ఒక్కోలా ఉండేవి. న్యూజెర్సీలోని పికటినీ ఆయుధశాల పేరు మీద 1995 ఫిబ్రవరిలో అమెరికా సైన్యం ఒక ప్రమాణం ఖాయం చేసింది. ప్రతి గాడి వెడల్పు 5.23 మిల్లీమీటర్లు, గాడికీ గాడికీ 10.01 మిల్లీమీటర్లు. మౌంటు అడ్డబోల్టు ఆ గాడిలో కూర్చుంటుంది. గాడి కాస్త వెడల్పే కాబట్టి బోల్టుకు ముందూ వెనకా సందు ఉంటుంది. మౌంటును ముందుకు, గొట్టం మూతి వైపు నెట్టి, బోల్టు గాడి ముందు అంచును తాకాకే బిగించాలి. లేకపోతే మొదటి గుండుకే స్కోపు ఆ సందును తనంతట తాను పూడ్చుకుంటుంది, కష్టపడి సరిచేసిన గురి పోతుంది. 2009లో నాటో తెచ్చిన ప్రమాణం ఇంకో మెట్టు ఎక్కింది. పక్క ఏటవాలుల మీద కాక రెయిలు పైతలం మీద ఆనుకుని బిగుసుకోమంది. తీసి మళ్లీ పెట్టినా గురి అదే చోటికి రావడానికి ఇది మేలు.

ఇన్ని జాగ్రత్తలనూ వెక్కిరించేది మాత్రం పెద్ద తుపాకీ కాదు, స్ప్రింగ్‌తో పనిచేసే ఎయిర్ రైఫిల్. ట్రిగ్గర్ నొక్కగానే లోపలి పిస్టన్ ముందుకు దూకుతుంది, రైఫిల్ వెనక్కి జరుగుతుంది. మరుక్షణం పిస్టన్ గొట్టం కొసన గుద్దుకుని ఆగిపోతుంది, రైఫిల్ ముందుకు కుదుపు తింటుంది. ఈ రెండో కుదుపే పదునైనది. అందువల్ల ఇక్కడ స్కోపు వెనక్కి పాకుతుంది. ఆపడానికి వెనక రింగు దగ్గర ఒక మేకును రైఫిల్ పైనున్న రంధ్రంలోకి దించుతారు. ఒకే వైపు దెబ్బకు కట్టిన స్కోపుల్లో అద్దాల పట్టు ఈ ఎదురు దెబ్బకు తెగిపోవచ్చు, భారీ వేట రైఫిల్ మీద ఏళ్ల తరబడి నిలిచిన స్కోపు సైతం. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కు స్కోపు కొనేవారు ఎన్ని రెట్లు చూపిస్తుందని అడిగే ముందు, ఎయిర్‌గన్‌కు పనికొస్తుందని తయారీదారు రాసిచ్చాడో లేదో చూసుకోండి. రాయకపోతే కొనకండి.