వాట్లు చూసి మోసపోవద్దు

రేడియో ట్యూనరు, ఆంప్లిఫయరు ఒకే పెట్టెలో ఉంటే అది స్టీరియో రిసీవరు. కొనబోతే దుకాణంవాడు ముందుగా చెప్పేది వాట్ల సంగతే. మాది వ్యవసాయ కుటుంబం. వంద రూపాయల వెనక ఎంత చెమట ఉందో నాకు తెలుసు. అందుకే ఈ లెక్క.

పవర్ రెట్టింపైతే ధ్వని పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపుగా వినిపించాలంటే దాదాపు 10 రెట్ల పవర్ కావాలి. కాబట్టి 25 వాట్ల సెట్టుకీ 50 వాట్ల సెట్టుకీ వినికిడిలో తేడా కొద్దిపాటిదే. అదే 88 డెసిబెల్స్ సెన్సిటివిటీ గల స్పీకరుకు బదులు 91 గలది తెచ్చుకుంటే, వాట్లు రెట్టింపు చేసినట్టే! సన్నపైపుకు పెద్ద మోటారు బిగిస్తే పొలం తడుస్తుందా?

పి.ఎం.పి.ఓ. అంకెను నమ్మకండి. 8 ఓమ్‌ల దగ్గర, రెండు ఛానళ్లూ పనిచేస్తుండగా ఆర్.ఎం.ఎస్. వాట్లెన్నో అడగండి. మీ స్పీకర్లు 4 ఓమ్‌లవైతే రిసీవరు వెనక ఆ అంకె రాసి ఉందో లేదో చూడండి. లేకుంటే కరెంటు ఎక్కువ లాగి వేడెక్కుతుంది. పాత సెట్టయితే వాల్యూమ్ తిప్పి గరగర ఉందేమో, రెండు పక్కలా సమంగా పలుకుతోందో వినండి.

మిగిలిన డబ్బు స్పీకర్లకు పెట్టండి. పాట వినిపించేది అవే కదా!